దిశ తెలుసు, దూరం తెలియదు: ఆకాశంలో చుక్కకు కక్ష్య కట్టేది ఎలా?

2024 డిసెంబరు 27న చిలీలోని రియో హుర్టాడోలో ఉన్న అట్లాస్ టెలిస్కోప్‌కు ఒక చిన్న గ్రహశకలం చిక్కింది. దానికి 2024 వైఆర్4 అని పేరు పెట్టారు. నెల తిరిగేసరికి, అది 2032 డిసెంబరు 22న భూమిని ఢీకొనే అవకాశం 1 శాతం దాటిందన్న ప్రకటన వెలువడింది. ఫిబ్రవరి 18 నాటికి అది 3.1 శాతానికి ఎగబాకింది. అది పడితే పడవచ్చనుకున్న పట్టీ తూర్పు పసిఫిక్ నుంచి దక్షిణ అమెరికా ఉత్తర భాగం, ఆఫ్రికా, అరేబియా సముద్రం మీదుగా దక్షిణాసియా దాకా సాగడంతో ఇక్కడి వార్తల్లోనూ ఆ శాతాలు మారుమోగాయి. సరిగ్గా ఆరు రోజులకు, ఫిబ్రవరి 24న, ఆ అంకె 0.004 శాతానికి పడిపోయింది.

వారాల తరబడి పెరుగుతూ వచ్చిన ముప్పు వారంలోనే మాయమైపోతే లెక్క ఎక్కడో తప్పిందని అనుమానం రావడం సహజం. నిజానికి లెక్క తప్పలేదు. ఆకాశంలోని వస్తువును దిశల ఆధారంగా మాత్రమే గమనించి దాని దారిని తేల్చే ప్రతిసారీ జరిగేది ఇంచుమించు ఇదే. ఆ పద్ధతి పునాదులు 1801 నాటివి.

క్లుప్తంగా: టెలిస్కోప్ ఒక వస్తువు ఏ దిశలో ఉందో చాలా కచ్చితంగా చెబుతుంది, ఎంత దూరంలో ఉందో మాత్రం చెప్పదు. ఆ దూరాన్ని సూర్యుడి ఆకర్షణ నియమం నుంచి, గడచిన కాలం నుంచి రాబట్టాలి. పరిశీలించిన కాలం చిన్నదైతే ఆ రాబట్టడం బలహీనంగా ఉంటుంది కాబట్టి, మొదటి రోజుల్లో వినిపించే శాతాలు వస్తువు గురించి కన్నా మన తెలివిడి హద్దుల గురించే ఎక్కువ చెబుతాయి.

చిత్రంలో దొరికేది రెండు అంకెలు

గ్రహశకలం ఫొటోలో ఒక చుక్క మాత్రమే. దాని చుట్టూ ఉన్న నక్షత్రాల స్థానాలు ముందే తెలుసు కాబట్టి, వాటి మధ్య ఈ చుక్క ఎక్కడుందో కొలిస్తే రెండు కోణాలు వస్తాయి. వాటిని విషువాంశ, క్రాంతి అంటారు. భూగోళం మీద రేఖాంశం, అక్షాంశం ఎలాంటివో ఆకాశగోళం మీద ఇవి అలాంటివి. ఫొటో తీసిన సమయం మూడో సమాచారం. ఒక పరిశీలనలో దొరికేది అంతే; వస్తువు ఎంత దూరాన ఉంది, మనవైపు వస్తోందా, పోతోందా అన్నవి అందులో లేవు.

రాత్రి రైల్లో కిటికీ పక్కన కూర్చున్నవారికి చీకట్లో ఒక దీపం మెల్లగా వెనక్కి జరుగుతూ కనిపిస్తుంది. అది దూరపు కొండ మీది గుడి దీపం కావచ్చు, లేదా పట్టాల పక్క రోడ్డు మీద రైలుకు కాస్త వెనకబడుతూ వస్తున్న మోటారు సైకిలు దీపం కావచ్చు. దూరంగా నిలిచి ఉన్న వెలుగూ, దగ్గరగా కదిలే వెలుగూ కంటికి ఒకే తీరుగా జరుగుతాయి. గ్రహశకలాన్ని చూసేవారి పరిస్థితి ఇంకాస్త కష్టం: సెకనుకు దాదాపు 30 కిలోమీటర్ల వేగంతో వంపు తిరుగుతూ పోయే భూమి అనే రైలులో నుంచి, వంపు తిరుగుతూ పోయే మరో వస్తువును చూడాలి.

ఇక తేల్చవలసినవి ఎన్ని? సూర్యుడి చుట్టూ తిరిగే వస్తువు కక్ష్యను పూర్తిగా వర్ణించడానికి ఆరు రాశులు కావాలి. దీర్ఘవృత్తం ఎంత పెద్దది, వృత్తం నుంచి ఎంత సాగింది అన్నవి రెండు. రెండోదానికే ఉత్కేంద్రత అని పేరు. ఆ కక్ష్యాతలం భూకక్ష్యాతలానికి ఎంత వాలి ఉంది, ఏ దిక్కున దాన్ని కోస్తోంది, ఆ తలంలో దీర్ఘవృత్తం ఏ వైపు తిరిగి ఉంది అన్నవి మరో మూడు. ఫలానా రోజున వస్తువు ఆ దారిలో ఎక్కడుంది అన్నది ఆరోది. ఒక్కో పరిశీలన రెండేసి అంకెలు ఇస్తుంది కాబట్టి ఆరు తెలియని రాశులకు కనీసం మూడు పరిశీలనలు కావాలి. మూడు ఉంటే సరిపోతుందని ఈ లెక్క చెప్పదు; మూడుకు తగ్గితే కుదరదని మాత్రం చెబుతుంది.

మద్రాసులో రెండు రాత్రులు

తగ్గితే ఏమవుతుందో చూడటానికి దూరం పోనక్కరలేదు. 1872 నవంబరు 27న ఐరోపా ఆకాశంలో ఉల్కల వాన కురిసింది. అంతకు ముందు దశాబ్దాల్లో రెండు ముక్కలై కనిపించకుండా పోయిన బీలా తోకచుక్క శకలాలే అవి అని గుర్తించిన గోటింగెన్ ఖగోళవేత్త క్లింకర్‌ఫ్యూస్, తోకచుక్క అసలు దేహం భూమిని దాటి దక్షిణాకాశంలోకి పోయి ఉంటుందని లెక్కవేసి, మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పాగ్సన్‌కు తంతి పంపాడు. మబ్బులు విడిచాక, డిసెంబరు 2, 3 తేదీల్లో పాగ్సన్‌కు నిజంగానే ఒక తోకచుక్క కనిపించింది. ఆ తర్వాత వాతావరణం సహకరించలేదు. మూడో రాత్రి దొరకలేదు.

రెండు రాత్రులు అంటే నాలుగు అంకెలు. అది బీలా తోకచుక్కే అని ముందే అనుకుంటే తెలియని రాశులు తగ్గిపోతాయి, కాని అప్పుడు రుజువు చేయవలసిందాన్నే ఒప్పుకున్నట్టవుతుంది. వృత్తాకారంలో తిరుగుతోందని ఊహిస్తే నాలుగు రాశులతో సరిపెట్టవచ్చు, కాని తోకచుక్కలకు ఆ ఊహ నప్పదు. తర్వాతి గణనల్లో అది బీలా కాకపోవచ్చని తేలింది. ఇప్పటికీ ఆ వస్తువు జాబితాల్లో ఎక్స్/1872 ఎక్స్1 అన్న పేరుతో ఉంది. ఆ మొదటి ఎక్స్ అక్షరానికి అర్థం, నమ్మదగిన కక్ష్య కట్టలేకపోయిన తోకచుక్క అని. అదే పాగ్సన్ అదే మద్రాసు నుంచి 1861లో కనుగొన్న 67 ఆసియా అనే గ్రహశకలం మాత్రం తగినన్ని పరిశీలనలు దొరికి సుస్థిరమైన కక్ష్యతో ఈనాటికీ లెక్కలో ఉంది. చూసిన కన్ను ఒకటే, వేధశాల ఒకటే. తేడా అల్లా దొరికిన రాత్రుల సంఖ్యలో ఉంది.

పలెర్మోలో పోయి, ఏడాదికి దొరికిన సెరెస్

1801 జనవరి 1 రాత్రి సిసిలీ దీవిలోని పలెర్మో వేధశాలలో జుసెప్పె పియాజీ నక్షత్రాల పట్టిక తయారుచేస్తూ, అందులో లేని ఒక చుక్కను చూశాడు. తర్వాత సెరెస్ అని పేరు పెట్టింది దానికే. మర్నాడు అది జరిగింది. ఫిబ్రవరి 11 దాకా వీలైన రాత్రులన్నీ దాన్ని వెంబడించాడు. మధ్యలో జబ్బుపడ్డాడు కూడా. మొత్తం 41 రోజుల వ్యవధి. ఆ వివరాలు మిగతా ఖగోళవేత్తలకు అందేసరికి ఆ చుక్క సూర్యుడి వెలుగు చాటుకు వెళ్లిపోయింది. మళ్లీ బయటికి వచ్చేనాటికి ఎక్కడ వెతకాలో ఎవరికీ తెలియదు.

ఆకాశంలో అది ఆ 41 రోజుల్లో నడిచింది దాదాపు మూడు డిగ్రీలు. చాచిన చేతికి చివర రెండు వేళ్ల వెడల్పు అనుకోవచ్చు. పైగా జనవరి నడిమికి ముందే అది వెనక్కి నడవడం ఆపి ముందుకు మళ్లింది. పంచాంగం చదివేవారు గ్రహానికి వక్రగతి వదిలిందని చెప్పుకునే ఘట్టం అది. అంటే ఆ చిన్న దారి కూడా తిన్నగా లేదు, అందులో ఎక్కువ భాగం భూమి కదలిక వల్ల వచ్చిన వంకర.

అప్పటికి వాడుకలో ఉన్న పద్ధతులు రెండు రకాలవి. గ్రహాలకైతే వృత్తాన్ని ఊహించి మొదలుపెట్టేవారు, తోకచుక్కలకైతే పరావలయాన్ని. వైద్యుడూ ఖగోళవేత్తా అయిన ఓల్బర్స్ 1797లో ఇచ్చిన తోకచుక్కల పద్ధతి చాలా సులువైనది, కాని అది ఉత్కేంద్రత 1 అని ముందే ఒప్పుకుని ఐదు రాశులనే వెతుకుతుంది. ఏ ఊహా లేకుండా, కొద్ది రోజుల కోణాల నుంచి ఏ ఆకారపు కక్ష్యనైనా రాబట్టే ఆచరణీయమైన దారి ఇంకా లేదు. దాన్ని వేసినవాడు 24 ఏళ్ల జర్మన్ గణితవేత్త కార్ల్ ఫ్రెడరిక్ గౌస్. అతని లెక్క ఇతరుల అంచనాలకు చాలా డిగ్రీల దూరంలో ఉన్న చోటును చూపింది. ఆ చోటుకు దగ్గరలోనే, 1801 డిసెంబరు 31న ఖగోళవేత్త ఫోన్ త్సాఖ్, మర్నాటి రాత్రి ఓల్బర్స్ సెరెస్‌ను మళ్లీ పట్టుకున్నారు.

వంపులోనే దూరం దాగి ఉంది

గౌస్ ఏం చేశాడన్నది చాలా చోట్ల అద్భుతంగానే చెబుతారు, ఎలా చేశాడన్నది మాత్రం తక్కువ చోట్ల దొరుకుతుంది. ముఖ్యమైన మెలిక కష్టమైనదేమీ కాదు.

మొదటి ఆధారం తలం. సూర్యుడి ఆకర్షణలో తిరిగే వస్తువు ఎప్పుడూ సూర్యుడి గుండా పోయే ఒకే తలంలో ఉంటుంది. మూడు తేదీల్లో వస్తువు ఉన్న మూడు చోట్లూ ఒకే పళ్లెంలో పెట్టినట్టు ఉండాలి. కాబట్టి నడిమి స్థానాన్ని మొదటి, చివరి స్థానాల మిశ్రమంగా రాయవచ్చు. ఏది ఎంత పాళ్లలో కలపాలన్నది, సూర్యుడిని ఒక కొనగా పెట్టుకుని ఆ స్థానాలతో గీసిన త్రిభుజాల వైశాల్యాల నిష్పత్తిని బట్టి ఉంటుంది.

రెండో ఆధారం కెప్లర్ రెండో నియమం. సూర్యుడి నుంచి వస్తువుకు గీసిన గీత సమాన కాలాల్లో సమాన వైశాల్యాలను దాటుతుంది. కాలాలు తెలుసు, కాబట్టి వైశాల్యాల నిష్పత్తులూ తెలుసు. అయితే కెప్లర్ చెప్పేది ఒక పక్క వంపు తిరిగిన, విసనకర్ర ఆకారపు ముక్కల గురించి. కావలసింది తిన్నని అంచుల త్రిభుజాల గురించి. సెరెస్ 41 రోజుల్లో సూర్యుడి చుట్టూ తిరిగింది దాదాపు 9 డిగ్రీలే కాబట్టి ఆ రెండింటికీ తేడా వెయ్యికి నాలుగు వంతులకు మించదు.

అంత చిన్న తేడాను వదిలేయవచ్చు కదా అనిపిస్తుంది. వదిలేస్తే, సెరెస్ తిన్నని గీత మీద ఒకే వేగంతో పోయిందని ఒప్పుకున్నట్టే. సూర్యుడి ఆకర్షణ లేనట్టే. అప్పుడు దూరం ఎప్పటికీ తేలదు, ఎందుకంటే దగ్గరగా మెల్లగా తిన్నగా పోయేదానికీ, దూరంగా వేగంగా తిన్నగా పోయేదానికీ కోణాల్లో తేడా ఉండదు. దూరం గురించి కోణాలు చెప్పగలిగే మాట అంతా ఆ వెయ్యికి నాలుగు వంతుల్లోనే ఉంది.

అంకెల్లో చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. నడిమి తేదీ నుంచి ఇరవై రోజుల చిల్లరలో, సూర్యుడి ఆకర్షణ వల్ల భూమి తన తిన్నని దారి నుంచి సుమారు 93 లక్షల కిలోమీటర్లు లోపలికి వంగుతుంది. సూర్యుడి నుంచి భూమి ఉన్న దూరానికి 2.7 రెట్ల దూరంలో ఉన్న సెరెస్ అదే కాలంలో వంగేది సుమారు 13 లక్షల కిలోమీటర్లు. ఆకర్షణ దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుంది కాబట్టి, వస్తువు ఎంత దూరంలో ఉంటే ఈ వంపు అంత తక్కువ. భూమి వంపు మనకు ముందే తెలుసు. ఆకాశంలో కనిపించే దారి ఎంత వంకరగా ఉందో చూసి, అందులో భూమి వాటా తీసేస్తే మిగిలింది వస్తువు వంపు. ఆ వంపే వస్తువు సూర్యుడికి ఎంత దూరంలో ఉందో బయటపెడుతుంది. దిశలను మాత్రమే కొలిచి దూరాన్ని పొందడంలో ఉన్న కిటుకు ఇదే: కొలబద్ద టెలిస్కోప్‌లో లేదు, సూర్యుడి ఆకర్షణలో ఉంది.

బీజగణితంలోకి దింపితే ఇది దూరంలో ఎనిమిదో ఘాత సమీకరణంగా మారుతుంది. దాన్ని విప్పి తొలి దూరం పొందాక, ఆ దూరంతో త్రిభుజాల నిష్పత్తిని సవరించి, సవరించిన నిష్పత్తితో దూరాన్ని మళ్లీ లెక్కించి, రెండూ నిలకడకు వచ్చేదాకా తిప్పుతారు. వస్తువు నుంచి వెలుగు మనల్ని చేరడానికి పట్టిన కాలాన్ని కూడా ఈ దశలోనే తీసివేస్తారు. సెరెస్ అంత దూరానికి అది పావుగంటకు పైనే.

గౌస్‌కు ముందే, 1780లో ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ మరో దారి చూపాడు. కోణాలు ఎంత వేగంగా మారుతున్నాయి, ఆ వేగం ఎంత వేగంగా మారుతోంది అన్నవి నడిమి తేదీ దగ్గర కనుక్కుని, వాటి నుంచి నేరుగా వస్తువు స్థానాన్నీ వేగాన్నీ రాబట్టడం ఆ పద్ధతి. కాగితం మీద అది మరింత సొగసైనది. చిక్కల్లా, కొలతల్లో ఉన్న చిన్న చిన్న దోషాలు తేడాల తేడాలు తీసేసరికి పెద్దవైపోతాయి. గౌస్ పద్ధతి కొలిచిన కోణాలను కొలిచినట్టే వాడుతుంది. అందుకే కొన్ని రోజుల చిన్న వ్యవధికి గౌస్ దారినే ఎక్కువమంది ఎంచుకుంటూ వచ్చారు.

పరిశీలకుడే ఒక సమాధానం

ఎనిమిదో ఘాత సమీకరణానికి ఒకటికి మించి మూలాలు ఉంటాయి. వాటిలో ఒకటి ఎప్పుడూ మోసకారి. టెలిస్కోప్ దగ్గర నిలబడిన మనిషి కూడా భూమితో పాటు సూర్యుడి చుట్టూ కెప్లర్ నియమాల ప్రకారమే తిరుగుతున్నాడు. దూరం సున్నా అని పెడితే వస్తువు స్థానంలో పరిశీలకుడే సమీకరణాన్ని తృప్తిపరుస్తాడు. దాన్ని తీసేసినా ఒక్కోసారి రెండు నమ్మదగిన కక్ష్యలు మిగులుతాయి, ఒకటి భూమికి దగ్గరగా, మరొకటి దూరంగా. ఏది నిజమో ఆ మూడు పరిశీలనలు చెప్పలేవు, నాలుగోది కావాలి.

భూకక్ష్యాతలంలోనే తిరిగే వస్తువులతో మరో ఇబ్బంది. అలాంటివాటి దారి ఆకాశంలో ఒకే గీత మీద ముందుకూ వెనక్కూ జరుగుతుంది తప్ప పక్కకు వంగదు. రెండు కోణాల్లో ఒకటి కొత్తగా ఏమీ చెప్పదు. ఇలాంటి సందర్భానికి మూడు కాక నాలుగు పరిశీలనలతో నడిచే దారిని గౌస్ తన 1809 గ్రంథంలోనే విడిగా ఇచ్చాడు.

ఒక వికల అంటే ఎన్ని కిలోమీటర్లు

మూడు పరిశీలనలతో వచ్చేది తొలి కక్ష్య మాత్రమే. ఆ మూడింటిలో ఏ చిన్న దోషం ఉన్నా అది మొత్తం కక్ష్యలోకి పాకుతుంది. డిగ్రీలో అరవయ్యో వంతు కళ, కళలో అరవయ్యో వంతు వికల. సూర్యుడికీ భూమికీ మధ్య ఉన్నంత దూరంలో, అంటే సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో, ఒక్క వికల దోషం 725 కిలోమీటర్ల తేడాకు సమానం. ఒక వికల చాలా చిన్న కోణం. ఒక రూపాయి బిళ్లను ఐదు కిలోమీటర్ల దూరంలో పెట్టి చూస్తే అది కనిపించే వెడల్పు అంత.

అందుకే తొలి కక్ష్యను ఆధారంగా పెట్టుకుని, దొరికిన ప్రతి పరిశీలననూ దాంతో పోల్చి, లెక్కకు వచ్చిన కోణానికీ చూసిన కోణానికీ మధ్య తేడాల వర్గాల మొత్తం కనిష్ఠమయ్యేలా ఆరు రాశులనూ సవరిస్తారు. దీనినే కనిష్ఠ వర్గాల పద్ధతి అంటారు. 1805లో ఫ్రెంచి గణితవేత్త లెజాండ్ర్ దాన్ని ముందు అచ్చువేశాడు; తాను 1795 నుంచే వాడుతున్నానని గౌస్ తర్వాత చెప్పడంతో ఇద్దరికీ మాట పట్టింపు వచ్చింది. ఎవరు ముందన్నది పక్కన పెడితే, ఈ పద్ధతి కక్ష్యతో పాటు ఆ కక్ష్యను ఎంత నమ్మవచ్చో కూడా చెబుతుంది. 2024 వైఆర్4 శాతాలు పుట్టింది ఈ రెండో భాగం నుంచే.

కోణాల నాణ్యత మరోదాని మీద కూడా ఆధారపడి ఉంది. చుక్క స్థానాన్ని పక్క నక్షత్రాలతో పోల్చి కొలుస్తారు కాబట్టి, నక్షత్రాల పట్టికలో తప్పుంటే గ్రహశకలం కక్ష్యలోనూ తప్పుంటుంది. ఈ పట్టికల చరిత్రలో హైదరాబాద్‌కు ఒక వాటా ఉంది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ నెలకొల్పిన నిజామియా వేధశాల, ఆ తర్వాత బేగంపేటకు మారి, ఆకాశమంతటినీ ఫొటో పలకల మీదికెక్కించే అంతర్జాతీయ పనిలో పాలుపంచుకుంది. దక్షిణ క్రాంతి 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీ, తర్వాత ఉత్తరాన మరో పట్టీ దాని వంతు. గాజు పలకల మీద చుక్కలను చేత్తో కొలిచి లక్షల నక్షత్రాల స్థానాలను అక్కడివారు సంపుటాలుగా అచ్చువేశారు. ఆ పని దశాబ్దాల పాటు ఎవరికీ పెద్దగా పట్టలేదు. కాని 2000లో వెలువడిన టైకో-2 పట్టికకు నక్షత్రాల సొంత కదలికలను తేల్చవలసి వచ్చినప్పుడు, వందేళ్ల కిందటి స్థానాలు చెప్పగలిగినవి ఆ పాత పలకలే. ఇప్పుడు 170 కోట్లకు పైగా నక్షత్రాల స్థానాలు ఇచ్చే గయా ఉపగ్రహపు పట్టికే అందరికీ ఆధారం. దాని సాయంతో పాత ఫొటోలను కూడా తిరిగి కొలిచి మెరుగైన కోణాలు రాబట్టవచ్చు.

శాతం ఎందుకు పెరిగి పడింది

కక్ష్యలో అన్ని రాశులూ ఒకే కచ్చితత్వంతో తేలవు. తలం వాలు త్వరగా తేలుతుంది, ఎందుకంటే అది నేరుగా దిశలకు సంబంధించినది. కక్ష్య ఎంత పెద్దది, ఒక చుట్టుకు ఎంత కాలం అన్నవి నెమ్మదిగా తేలతాయి. చుట్టు కాలంలో ఉన్న చిన్న దోషం ప్రతి చుట్టుకూ పేరుకుంటూ పోతుంది కాబట్టి, ఏళ్ల తర్వాత వస్తువు ఉండగల చోట్లన్నీ కలిసి దాని దారి వెంబడే సాగిన సన్నని పొడవాటి దారంలా ఉంటాయి. దారి తెలుసు, ఆ దారిలో ఎప్పుడు ఎక్కడుంటుందో తెలియదు. భూమి తన వ్యాసమంత దూరాన్ని ఏడు నిమిషాల్లో దాటిపోతుంది. అంటే ఎనిమిదేళ్ల తర్వాతి రాకను నిమిషాల లెక్కన చెప్పగలిగితే తప్ప ఢీకొంటుందో లేదో చెప్పలేరు.

నాలుగు మీటర్ల తాడు నేల మీద పరచి, దాని మీద ఎక్కడో ఒకచోట నాలుగు సెంటీమీటర్ల నిమ్మకాయ పెట్టినట్టు ఊహించవచ్చు. తాడు వస్తువు ఉండగల చోట్లు, నిమ్మకాయ భూమి. ఎక్కడ ఉండే అవకాశమైనా సమానమే అనుకుంటే, ఢీకొనే అవకాశం నూటికి ఒకటి. కొత్త పరిశీలనలు వచ్చి తాడు రెండు కొసల నుంచీ కుదించుకుపోయి 130 సెంటీమీటర్లు అయింది, నిమ్మకాయ ఇంకా దాని మీదే ఉంది. ఇప్పుడు అవకాశం నూటికి మూడు. నిమ్మకాయ కదలలేదు, వస్తువు దారి మారలేదు. తెలియనితనం తగ్గింది, అంతే. తాడు ఇంకా కుదిస్తే దాని కొస ఒక సమయంలో నిమ్మకాయను దాటి ఇవతలికి వస్తుంది. అప్పుడు శాతం ఒక్కసారిగా కూలిపోతుంది. అసలు ఢీకొనబోని వస్తువు విషయంలో కూడా పతనానికి ముందు పెరుగుదల ఉండటం ఈ లెక్క స్వభావం. నిజానికి తాడు మీద అన్ని చోట్లకూ సమానమైన అవకాశం ఉండదు, నడుమ ఎక్కువ, కొసల తక్కువ. కాని కథ మారదు.

2024 వైఆర్4 విషయంలో దాన్ని కనుగొన్నది భూమికి అతి దగ్గరగా వచ్చిన రెండు రోజుల తర్వాత. అంటే మొదటి చూపుకే అది దూరమైపోతోంది. తొలి వారాల్లో అది దాదాపు మనకు ఎదురుగా, తిన్నగా దూరం జరుగుతూ పోయింది కాబట్టి కోణాలు మెల్లగా మారాయి. కక్ష్య కట్టేవారికి ఇది అననుకూలమైన అమరిక. పైగా దాని కక్ష్యాతలం భూకక్ష్యాతలానికి మూడున్నర డిగ్రీలు కూడా వాలి లేదు. తాడు కుదియడానికి వారాలు పట్టింది అందుకే.

ఇలాంటిదే ఇరవై ఏళ్ల కిందట అపోఫిస్ విషయంలో జరిగింది. 2004 జూన్‌లో కనిపించి, పోయి, డిసెంబరులో తిరిగి దొరికిన ఆ గ్రహశకలం 2029 ఏప్రిల్ 13న భూమిని ఢీకొనే అవకాశం 2004 డిసెంబరు 27కు 2.7 శాతానికి చేరింది. అదే రోజు, పాత ఫొటోల్లో వెతగ్గా, కనుగొనడానికి ముందే మార్చి 15న తీసిన చిత్రాల్లో అది దొరికింది. మూడు నెలల ముందరి రెండు మూడు కోణాలు చేర్చేసరికి 2029 ముప్పు తొలగిపోయింది. వందల కొత్త పరిశీలనలు చేయలేని పనిని కొద్దిపాటి పాత పరిశీలనలు చేశాయి. చుట్టు కాలం తేలడానికి కావలసింది చూపుల సంఖ్య కాదు, మొదటి చూపుకీ చివరి చూపుకీ మధ్య ఎడం.

వేరొక చోటి నుంచి చూస్తే

సూర్యుడి ఆకర్షణను కొలబద్దగా వాడుకోవడం అంటే కాలం గడిచేదాకా ఆగడం. ఆగకుండా దూరం పట్టే మార్గాలు రెండున్నాయి. రాడార్ తరంగం పంపి అది తిరిగివచ్చిన కాలాన్ని కొలవడం ఒకటి. 2021 మార్చిలో అపోఫిస్‌ను ఇలా కొలిచాకే రాబోయే వందేళ్లలో దాని వల్ల ముప్పు లేదని తేల్చగలిగారు. అయితే రాడార్ ప్రతిధ్వని దూరపు నాలుగో ఘాతం మేరకు బలహీనపడుతుంది కాబట్టి దగ్గరికి వచ్చినవాటికే పనికొస్తుంది.

రెండోది, ఒకే సమయంలో వేర్వేరు చోట్ల నుంచి చూడటం. బొటనవేలిని ముందు చాచి ఒక కన్ను తర్వాత మరో కన్ను మూస్తే వేలు పక్కకు గెంతినట్టు కనిపించడమే దీని మూలం. 2008 అక్టోబరు 6న అరిజోనాలో కనిపించిన 2008 టీసీ3 అనే చిన్న శిల, దాదాపు 20 గంటల తర్వాత సూడాన్‌లోని నూబియా ఎడారి మీద గాలిలో పేలింది. అంత తక్కువ వ్యవధిలో కక్ష్య తేలడం మామూలుగా అసాధ్యం. అయితే అది చాలా దగ్గరగా ఉండటం వల్ల, భూమి మీద వేర్వేరు చోట్ల ఉన్న వేధశాలలకు నక్షత్రాల నేపథ్యంలో వేర్వేరు చోట్ల కనిపించింది. ఐదు వందలకు పైగా పరిశీలనలు కొన్ని గంటల్లోనే పోగుపడ్డాయి. పడే చోటూ సమయమూ ముందే చెప్పగలిగారు. ఆ గీత వెంట ఖార్టూమ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ఎడారిలో వరుసగా నడిచి ఉల్కా శకలాలు ఏరుకొచ్చారు.

2025 జులై 1న కనుగొన్న 3ఐ/అట్లాస్ తోకచుక్క దీనికి మరో కొస. దాని ఉత్కేంద్రత 6కు పైన. 1 దాటితే కక్ష్య దీర్ఘవృత్తం కాదు, అతిపరావలయం. సూర్యుడు పట్టి ఉంచలేనంత వేగమని అర్థం. అంత ఎక్కువ ఉత్కేంద్రత ఉన్నప్పుడు కొద్ది రోజుల కోణాలే దాన్ని బయటపెడతాయి, పాత చిత్రాల్లో జూన్ నాటి ఆనవాళ్లూ దొరకడంతో అది సౌరకుటుంబం వెలుపలి నుంచి వచ్చిందన్న విషయం వెంటనే స్థిరపడింది. అక్టోబరు మొదట్లో అది అంగారకుడికి సుమారు 3 కోట్ల కిలోమీటర్ల లోపల నుంచి పోయినప్పుడు, అంగారకుడి చుట్టూ తిరుగుతున్న ఐరోపా అంతరిక్ష సంస్థ నౌక ఎక్సోమార్స్ దాన్ని ఫొటో తీసింది. భూమి నుంచి చూసిన కోణాలకు ఆ కోణాలను కలిపేసరికి తోకచుక్క దారి అంచనా పది రెట్లు మెరుగైందని ఆ సంస్థ తెలిపింది. ఆ నౌక కెమెరా పెద్దదేం కాదు, నిలబడి చూసిన చోటు వేరు.

కనిపించినదంతా కనుగొన్నట్టు కాదు

ఫలానా పాఠశాల విద్యార్థులు గ్రహశకలం కనుగొన్నారన్న వార్తలు తెలుగు పత్రికల్లోనూ తరచు వస్తుంటాయి. అంతర్జాతీయ కార్యక్రమాల్లో భాగంగా పెద్ద టెలిస్కోప్ తీసిన చిత్రాలను పిల్లలు పోల్చి, కదిలిన చుక్కను గుర్తించి పంపుతారు. ఆ పని నిజమైనదే, ఉపయోగకరమైనదే. కాని ఆ దశలో దొరికింది ఒక రాత్రిలో కొన్ని నిమిషాల ఎడంతో తీసిన నాలుగైదు కోణాలు. వాటితో కక్ష్య రాదు, ఒక దిశ, ఆ దిశలో కదలిక వేగం మాత్రమే వస్తాయి. మరో రాత్రి దొరికితేనే అమెరికాలోని మైనర్ ప్లానెట్ సెంటర్ దానికి తాత్కాలిక పేరు ఇస్తుంది. ఆ వస్తువు సూర్యుడి చుట్టూ తిరిగి పలుమార్లు ఎదురుపడి, ప్రతిసారీ లెక్క చెప్పిన చోటే కనిపించాక శాశ్వత సంఖ్య వస్తుంది. దానికి ఏళ్లు పడుతుంది. పేరు పెట్టే హక్కు ఆ తర్వాతి మాట.

చిలీలో కొత్తగా పనిచేయడం మొదలుపెట్టిన వేరా రూబిన్ వేధశాల 2025 జూన్‌లో చూపిన తొలి చిత్రాల్లో, పది గంటల పరిశీలనల్లోనే, అంతకు ముందు ఎవరికీ తెలియని 2,104 గ్రహశకలాలు బయటపడ్డాయి. గౌస్‌కు మూడు చూపులూ ఒకే వస్తువువని ముందే తెలుసు. రూబిన్‌కు ఆ సౌకర్యం లేదు. ఒక రాత్రి దొరికిన జంట చుక్కల్లో ఏది, మూడు రోజుల తర్వాత దొరికిన లక్షల జంటల్లో దేనికి చెందుతుందో కూడా లెక్కే తేల్చాలి. అక్కడి సాఫ్ట్‌వేర్ ముందుగా దూరాన్నీ, దూరం మారే వేగాన్నీ ఊహించుకుంటుంది. ఆ ఊహతో ప్రతి జంటనూ సూర్యుడి దగ్గర నిలబడి చూసినట్టు మార్చి, ఒకే దారిలోకి వచ్చినవాటిని పక్కన పెడుతుంది. ఊహ మార్చి మళ్లీ మొదలుపెడుతుంది. పదిహేను రోజుల లోపల మూడు రాత్రుల జంటలు ఒకే కక్ష్యలో ఇమిడితేనే దాన్ని ఒక వస్తువుగా ఒప్పుకుంటుంది. దూరం తెలియనప్పుడు తెలిసినట్టు అనుకుని, ఆ అనుకోలు నిలుస్తుందో లేదో కోణాలతోనే పరీక్షించడం ఈ పద్ధతి.